లైబ్రరీ లాగిన్ – అడిగి తీసుకుందాం, జాగ్రత్తగా కాపాడుకుందాం



మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. ఇప్పుడు పి.జి. రెండో సంవత్సరం చదువుతున్నాను. యూనివర్సిటీలో చేరిన కొత్తలో చెప్పేవాళ్లు లేక నేను పడిన ఒక ఇబ్బంది మీరు పడకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఒకరోజు లైబ్రరీ కంప్యూటర్‌లో ఒక పరిశోధనా వ్యాసం తెరిస్తే పూర్తిగా వచ్చింది. రాత్రి గదిలో ఫోన్ డేటాతో అదే వ్యాసం తెరిస్తే డాలర్లలో డబ్బు కట్టమంది. ఆ ఒక్క వ్యాసం ఖరీదు మా అమ్మ వారం రోజుల కూలి కంటే ఎక్కువ. మనలాంటి వాళ్లకు ఇది కాదేమో అనుకుని ఊరుకున్నాను. ఎవరినైనా అడిగితే నవ్వుతారేమోనని నామోషీ. మూడు వారాల తర్వాత ధైర్యం చేసి లైబ్రేరియన్ మేడమ్‌ను అడిగాను. ఐదు నిమిషాల్లో నాకు లాగిన్ వచ్చింది.

అసలు ఎందుకిలా జరుగుతుంది?

పత్రికల ప్రచురణకర్తలకు చందా ముందే చెల్లించి ఉంటుంది. చదివేది చందాదారులా కాదా అని ప్రచురణకర్త రెండు విధాలుగా గుర్తుపడతాడు. మొదటిది ఐపి నంబరు. క్యాంపస్ నెట్‌వర్క్‌కు ఉండే ఈ నంబర్లను యూనివర్సిటీ ముందే ప్రచురణకర్తకు ఇస్తుంది. అందుకే లైబ్రరీలో పాస్‌వర్డ్ అడగదు. మన ఫోన్ డేటాకు వేరే నంబరు ఉంటుంది కాబట్టి బయటివాళ్లం అనుకుంటుంది.

రెండోది లాగిన్. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం ఇందుకోసం 'ఇన్‌ఫెడ్' అనే ఏర్పాటు నడుపుతోంది. పత్రిక వెబ్‌సైట్‌లో మన సంస్థ పేరు ఎంచుకుంటే అది మనల్ని మన సంస్థ లాగిన్ పేజీకి పంపుతుంది. అక్కడ పాస్‌వర్డ్ సరిపోతే 'ఈమె మా విద్యార్థినే' అనే కబురు ప్రచురణకర్తకు వెళుతుంది. పాస్‌వర్డ్ మాత్రం వెళ్లదు. ఊళ్లో ఇంటి దగ్గర కూర్చుని కూడా చదువుకోవచ్చు.

ఇది పెద్ద యూనివర్సిటీల వాళ్లకే అనుకోకండి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలను ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు, పరిశోధనా సంస్థలకు అందించడం దీని ఉద్దేశం. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చదివే చెల్లెళ్లు మీ కాలేజీ ఇందులో నమోదైందో లేదో లైబ్రేరియన్‌ను అడగండి.

నేను చేసిన తప్పు

లాగిన్ వచ్చాక ఒక జూనియర్ "అక్కా, నీ పాస్‌వర్డ్ ఒక్కసారి ఇవ్వవా" అంది. హాస్టల్‌లో సబ్బు దగ్గర్నుంచి చున్నీ దాకా పంచుకునేవాళ్లం, కాదనలేకపోయాను. ఆమె ఇంకొకరికి, వాళ్లు మరొకరికి ఇచ్చారు. ఎవరో ఒకే రాత్రి వందల వ్యాసాలు దించారు. సరిగ్గా నేను ప్రాజెక్టు రిపోర్టు రాసే సమయంలో నా ఖాతా ఆపేశారు. సంజాయిషీ రాసిచ్చి, మళ్లీ తెరిపించుకునే సరికి తొమ్మిది రోజులు పోయాయి.

అప్పుడు తెలిసింది. అలా గుత్తగా దించడం చందా ఒప్పందానికి విరుద్ధం. దాన్ని గమనిస్తే ప్రచురణకర్త ఒక్క ఖాతానే కాదు, యూనివర్సిటీ మొత్తానికీ ఆపేయవచ్చు. నా జూనియర్‌కు నేను చేయవలసిన సాయం పాస్‌వర్డ్ ఇవ్వడం కాదు, ఆమెను వెంటబెట్టుకుని లైబ్రేరియన్ దగ్గరకు తీసుకెళ్లడం. ఆమెకూ సొంత లాగిన్ హక్కు ఉంది.

గుర్తుంచుకోవలసినవి

1. చేరిన మొదటి వారంలోనే లాగిన్ అడగండి. మీరు వాడే ఈ-మెయిల్, ఫోన్ నంబరే ఇవ్వండి. పాస్‌వర్డ్ మరిచిపోతే కొత్తది వాటికే వస్తుంది.

2. నెట్ సెంటర్‌లో వాడితే లాగవుట్ చేయనిదే లేవకండి. 'పాస్‌వర్డ్ గుర్తుంచుకోవాలా' అంటే వద్దనండి.

3. 'మీ లైబ్రరీ ఖాతా రద్దవుతోంది, ఇక్కడ నొక్కండి' అనే మెయిల్ వస్తే నొక్కకండి. దొంగిలించిన యూనివర్సిటీ పాస్‌వర్డ్‌లకు కొనేవాళ్లున్నారు. వివిధ దేశాల్లో 320 యూనివర్సిటీల నుంచి సమాచారం దొంగిలించారని 2018 మార్చిలో అమెరికా తొమ్మిదిమంది ఇరాన్ వాళ్లపై కేసు పెట్టింది. అందులో ఆచార్యుల ఖాతాలను లైబ్రరీ ప్రవేశం కోసం అమ్ముకున్నారన్న ఆరోపణ కూడా ఉంది.

4. చదువు పూర్తయ్యాక లాగిన్ ఆగిపోతుంది. కావలసిన వ్యాసాలు, అవసరమైనంత మేరకు, ముందే భద్రపరచుకోండి. ఆ తర్వాత కూడా దేశంలోని పిహెచ్.డి. గ్రంథాలు 'శోధ్‌గంగ'లో లాగిన్ లేకుండానే చదవవచ్చు.

చెల్లెళ్లారా, ఆ మూడు వారాలూ నన్ను ఆపింది కంప్యూటర్ కాదు, నా బిడియమే. తెలియదని చెప్పడంలో తప్పు లేదు. మన ఇళ్లల్లో చెప్పేవాళ్లు లేకపోవచ్చు, కానీ ఈ హాస్టల్‌లో అక్కలం ఉన్నాం. అడగండి. రేపు మీ తర్వాత వచ్చే చెల్లెలికి మీరు చెప్పండి.