గ్రంథవివరణము - సంభాషణయంత్రములు

గ్రంథమును రచించుట యొకటి. రచించిన గ్రంథమును చదువరి చేతికి జేర్చుట వేఱొకటి. మొదటిది కవి పని. రెండవదానికి గ్రంథనామము, కర్తృనామము, విషయము, భాష, ముద్రణసంవత్సరము, వెల మున్నగు వివరములు కావలయును. ఈ వివరముల సముదాయమునే గ్రంథాలయవేత్తలును పుస్తకవిక్రేతలును మెటాడేటా యని వ్యవహరించుచున్నారు. తెలుగున దీనిని గ్రంథవివరణమనవచ్చును. మాట క్రొత్తదియే కాని వస్తువు తెలుగు వాఙ్మయమునకు క్రొత్తది గాదు. ఆశ్వాసాంతగద్యలో కవి తన పేరును, తండ్రి పేరును, బిరుదమును, గ్రంథనామమును, ఆశ్వాససంఖ్యను జెప్పుట పండితులెల్ల రెఱిగినదే. తాటియాకుల కట్టలో మొదటి యాకులు శిథిలమైనను అది యే గ్రంథమో, ఎవరిదో యా గద్యయే తెలుపుచుండెను. మదరాసు ప్రాచ్యలిఖితపుస్తక భాండాగారమున ప్రకటింపబడిన వర్ణనాత్మకసూచికలు ప్రతుల యాద్యంతములను విషయమును జూపుటయు నీ మార్గముననే.

నేటి గ్రంథవివరణము గద్యకంటె విస్తృతమైనది. ప్రతి ముద్రితగ్రంథమునకును ఐ.యస్.బి.యన్. అను నంతర్జాతీయసంఖ్యను బొందవచ్చును. 2007 జనవరి 1వ తేదీనుండి యీ సంఖ్యకు పదుమూడంకెలు. అంతకు పూర్వము పదియే. భారతదేశమున రాజా రామమోహన రాయ్ పేరిటి జాతీయసంస్థ దీనిని ప్రకాశకులకు వెల లేకయే యొసగుచున్నది. డ్యూయీ దశాంశవర్గీకరణమున తెలుగు సాహిత్యమునకు 894.827 అను స్థానము కలదు. వీనికి తోడు విషయపదములు, సంగ్రహవర్ణనము, చదువరుల వయస్సు, పుటల సంఖ్య మున్నగునవి చేరును. అంగడిలో పుస్తకమును చేతబట్టి చూచువాడు దాని గుణదోషములను కొంతవఱకు తానే తెలిసికొనగలడు. అంతర్జాలపు టంగడిలో నట్టి వీలు తక్కువ. అచట చదువరి యొక మాట పెట్టి వెదకును. ఆ మాట గ్రంథవివరణమున నున్నచో పుస్తకము కనబడును. లేనిచో పుస్తకమే లేనట్లు. ప్రతి చదువరికిని తగిన పుస్తకమును, ప్రతి పుస్తకమునకును తగిన చదువరియు లభింపవలెనని యస్. ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయసూత్రములందు ప్రతిపాదించిన ధర్మము నేడు చాలవఱకు నీ వివరణముమీదనే యాధారపడియున్నది.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములయందు ఈ విషయము విశేషముగ విచారింపదగినది. పాలకుర్తియు బమ్మెరయు జనగామ జిల్లాలోని గ్రామములు. మొదటిదానితో పాలకురికి సోమనాథుని పేరును, రెండవదానితో పోతన పేరును ముడివడియున్నవి. నేడు మహబూబాబాదు జిల్లాలో జేరిన ఇనుగుర్తి యను పల్లెనుండి 1922లో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు తెనుగుపత్రికను వెలువరించిరి. భూపాలపల్లి జిల్లాలో గోదావరీప్రాణహితల సంగమమున నున్న కాళేశ్వరము త్రిలింగక్షేత్రములలో నొకటిగా ప్రసిద్ధము. ఇట్టి సీమలలో నేటికిని స్థలచరిత్రలను, శతకములను, కథాసంపుటములను రచయితలే సొంతసొమ్ముతో ముద్రించి మిత్రులకు బంచుట కలదు. వారికి ప్రకటనకర్తలు లేరు, సూచికాకారులు లేరు. మిగిలిన ప్రతులు పెట్టెలలో నుండిపోవుటకు రచనాదోషమే కాక వివరణలోపమును గారణమగుచుండును.

ఈ లోపమును దీర్చుటకు సంభాషణయంత్రము లుపకరించునని పలువు రాశించుచున్నారు. వీనిని చాట్‌బాట్‌లందురు. 2022 నవంబరు 30వ తేదీని చాట్‌జీపీటీ ప్రకటింపబడినది మొదలు ఇవి జనసామాన్యమునకు పరిచితములైనవి. తెలుగున నడిగిన ప్రశ్నకు తెలుగుననే బదులు చెప్పుచున్నవి. ఈ యంత్రము అపారమైన వ్రాతలను పరిశీలించి, ఏ మాటల వెంట నే మాట వచ్చుట సంభావ్యమో నేర్చి, ఆ నేర్పుతో వాక్యములను గూర్చును. కావున ముందుంచిన వ్రాతను సంగ్రహించుట, పెద్ద పీఠికను నూఱుమాటల వర్ణనముగ మార్చుట, బాలురకొక తీరుగను పండితులకొక తీరుగను జెప్పుట, ఆంగ్లమునకో హిందీకో త్రిప్పుట, విషయసూచికనుండి వెదకుపదములను ఏరుట మున్నగు పనులలో నిది మిక్కిలి సాయపడును. పల్లెలోని రచయితకు పట్టణపు లేఖకుడు దొరకినట్లే.

అయితే వ్రాతను జక్కజేయుట వేఱు. సత్యమునకు సాక్ష్యమిచ్చుట వేఱు. ఈ భేదము నెఱుగకున్న గలుగు ప్రమాదమును ఈ మూడు జిల్లాలకు సంబంధించిన గ్రంథములే స్పష్టపఱచగలవు.

బసవపురాణమును దీసికొనుడు. పాలకురికి సోమనాథుడు ద్విపదలో రచించినది యొకటి. పిడపర్తి సోమనాథుడు పద్యకావ్యముగా జేసినది మఱియొకటి. పాలకురికివాని గ్రంథము ననుసరించి భీమకవి 1369లో కన్నడమున రచించినదియు నాపేరిదే. ఇద్దఱు సోమనాథులు, మూడు బసవపురాణములు. నాచన సోమనాథుని పేరును జేరిన గందరగోళము హెచ్చును. కర్త పేరు సోమనాథుడని మాత్రము చెప్పి వివరణము వ్రాయుమన్నచో, యంత్రము ముగ్గురి గుణములను గలిపి యొక్కనికి గట్టిపెట్టవచ్చును. వెల్చేరు నారాయణరావు, జీన్ రోఘైర్ గార్లు 1990లో ప్రకటించిన ఆంగ్లానువాదము శివాస్ వారియర్స్ అను వేఱు పేరుతో నున్నది. మూలనామమును వివరణమున జేర్చనిచో రెండిటికి నడుమ బంధమే కానరాదు.

భాగవతమునందు చిక్కు మఱొక తీరుది. ఆంధ్రమహాభాగవతము పోతన కృతియని లోకప్రసిద్ధి. కాని పంచమస్కంధము గంగనదియు, షష్ఠస్కంధము సింగనదియు, ఏకాదశద్వాదశములు వెలిగందల నారయవియు నని పండితు లెఱుగుదురు. ప్రసిద్ధినే నేర్చిన యంత్రము షష్ఠస్కంధమును విడిగా ముద్రించిన ప్రతికి సైతము పోతన పేరునే వ్రాయుటకు మొగ్గు చూపును. ఏలయన, భాగవతమను మాట వెంట పోతన యను మాటయే వ్యాప్తిలో మిక్కుటముగ నున్నది. వ్యాప్తి ప్రమాణము గాదు. పోతన జన్మస్థలము ఓరుగల్లు సీమయా, ఒంటిమిట్టయా యను వివాదమును, సోమనాథుని కాలము రెండవ ప్రతాపరుద్రుని కాలమా, అంతకు ముందటిదా యను వివాదమును చిరకాలమునుండి నడచినవి. వివాదమున్నచోట వివాదమని వ్రాయుటయే సూచికాకారుని ధర్మము. యంత్రము తఱచుగ నొక పక్షమునే నిశ్చయముగ బలుకును.

స్థలనామముల సంగతి మఱియు సూక్ష్మము. ఈ మూడు జిల్లాలును 2016 అక్టోబరు 11వ తేదీని యేర్పడినవి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లినుండి ములుగు జిల్లా విడివడినది. పాలంపేటలోని రామప్పగుడి తొలుత వరంగల్లు జిల్లాలోనిది. 2016 నుండి 2019 వఱకు భూపాలపల్లి జిల్లాలోనిది. అటుపిమ్మట ములుగు జిల్లాలోనిది. 2021లో అది యునెస్కో ప్రపంచవారసత్వ పట్టికకెక్కినది. కాళేశ్వరము 2016కు పూర్వము కరీంనగరు జిల్లాలో నుండెను. 1980లో ముద్రితమైన గ్రంథమున కరీంనగరు జిల్లా కాళేశ్వరమని యున్నచో నది తప్పు గాదు. నేటి పాఠకుడు భూపాలపల్లి యని వెదకుటయు దప్పు గాదు. వివరణమున రెండు పేర్లును, మార్పు జరిగిన సంవత్సరమును జేర్చినప్పుడే యిద్దఱును కలిసికొందురు. ఇంకొక విశేషము: కాళేశ్వరమను మాటకు నేడు క్షేత్రము, ఎత్తిపోతల పథకము అను రెండర్థములు రూఢములు. స్థలపురాణమును రచించినవాడు శైవక్షేత్రము, ముక్తీశ్వరాలయము, గోదావరి సంగమము అను పదములను జేర్చనిచో, ఆ పుస్తకము నీటిపారుదల గ్రంథముల నడుమ మఱుగుపడును. మహబూబాబాదును జనులు మానుకోట యని పిలుచుట కలదు. ఆ పేరును జేర్చవలెను. ఒద్దిరాజు సోదరుల రుద్రమదేవి యను నవలయు, నోరి నరసింహశాస్త్రిగారి రుద్రమదేవియు వేఱువేఱు గ్రంథములని తెలియుటకు కర్తృనామము తప్ప వేఱు దారి లేదు.

యంత్రమున కింకొక దోషము గలదు. తెలియనిచోట నూరకుండక, ఉన్నదానివలె దోచు లేనిదానిని గల్పించును. 2025 మే నెలలో అమెరికాలోని షికాగో సన్‌టైమ్స్ పత్రికతో వెలువడిన వేసవిపఠనపట్టికలో పదునైదు పుస్తకములు పేర్కొనబడగా, వానిలో పది లోకముననే లేవు. రచయితలు నిజమైనవారు, గ్రంథములు మాత్రము కృత్రిమమేధ కల్పించినవి. కోట్ల గ్రంథవివరణములు గల ఆంగ్లమునందే యిట్లు జరిగినప్పుడు తెలుగు సంగతి చెప్పనేల? అంతర్జాలమున తెలుగు వ్రాతలు స్వల్పము. ఒక తప్పు వివరణము పది చోట్లకు నకలైనచో, దానిని ఖండించు మాట యొక్కటియైన దొరకకపోవచ్చును. రేపటి యంత్రము ఆ తప్పునే చదివి నేర్చి, పండితునికే పాఠము చెప్పును. అప్పుడు నష్టము పుస్తకముల యమ్మకమునకు మాత్రమే గాదు, సారస్వతచరిత్రకే.

ప్రాచీనప్రతుల పరిష్కరణమున నెఱతనముగల తెలుగు పండితులకు దీనికి మందు తెలియనిది గాదు. వ్రాయసకాడు ప్రతిని వ్రాయును. అక్షరము చక్కగ నున్నను అర్థము దప్పవచ్చును. అందుచేతనే పరిష్కర్త ప్రతులను సరిచూచి, మాతృకను బట్టి పాఠమును నిర్ణయించును. సంభాషణయంత్రమును సైతము వ్రాయసకానిగ నెంచవలెను గాని సాక్షిగ నెంచరాదు. పాతకాలపు లేఖకుడు గ్రంథాంతమున దన దోషములను మన్నింపుమని వేడుకొనెడివాడు. ఈ లేఖకునికి దప్పు చేసితినన్న యనుమానమే కలుగదు. కనుక సరిచూచుట మఱింత యావశ్యకము.

ఆచరణక్రమ మిట్లుండవచ్చును. మొదట గ్రంథముయొక్క ముఖపత్రము, దాని వెనుకపుట, పీఠిక, విషయసూచిక, ఆశ్వాసాంతగద్య - వీనిని యూనికోడ్ తెలుగులిపిలో యంత్రము ముందుంచవలెను. ప్రాతఫాంట్లలోని వ్రాత పనికిరాదు. అక్షరములు కంటికి కనబడినను వెదకులాటకు చిక్కవు. ఇందున్నదానినే చెప్పుము, లేనిదానిని ఖాళీగ విడువుము, ప్రతి యంశమునకును పుటసంఖ్యను జూపుము అని స్పష్టముగ నాజ్ఞాపింపవలెను. పిదప పేర్ల రూపాంతరములను అడుగవలెను: పోతన, పోతరాజు, పోతనామాత్యుడు; ఆంగ్లలిపిలో తకారమును హకారముతో వ్రాసిన రూపము, హకారము లేని రూపము. ఇట్టి జాబితా కూర్చుటలో యంత్రము మనుష్యునికంటె నోపికగలది. అటుపై ఏబది మాటలదొకటియు, నూటయేబది మాటలదొకటియు వర్ణనములను వ్రాయించుకొనవలెను. కడపట గ్రంథమును పూర్తిగ చదివినవారొకరు ప్రతి వాక్యమును మాతృకతో సరిచూచి, తేదీ వేసి, తమ యంగీకారమును దెలుపవలెను. ఈ కడపటి మెట్టు లేనిదే వివరణమును బైటికి పంపరాదు.

అమ్మకమునకై వ్రాయు వర్ణనమునందు మితము పాటింపవలెను. ప్రతి తెలుగువాడును తప్పక చదువవలసిన మహాకావ్యము అను వాక్యము ఏ గ్రంథమునకైన నతుకును. కావున నే గ్రంథమునకును బనికిరాదు. బసవేశ్వరుని చరిత్రమును, శివభక్తుల కథలను ద్విపదలో జెప్పిన కావ్యము అనునది తన చదువరిని తానే పిలుచును. అట్లే భూపాలపల్లి బొగ్గుగనులలోని కార్మికులపై కథలు వ్రాసినవాడు, వెదకువారు హెచ్చని పోతన పేరునో రామప్ప పేరునో వివరణమున జొప్పించుట మోసమగును. అట్టి పుస్తకమును గొనినవాడు రెండవమాఱు ఆ రచయితను నమ్మడు. బొగ్గుగని, కార్మికుడు, భూపాలపల్లి, తెలంగాణ కథలు అను నాలుగు మాటలు చాలును. వానిని వెదకు చదువరియే యా పుస్తకమునకు నిజమైన చదువరి.

ఈ పని పట్టణపు సంస్థలు వచ్చి చేయవలసినది గాదు. ఊరిలోని పాఠశాల తెలుగు పండితుడు తన గ్రామరచయితల పుస్తకములను పదింటిని దీసికొని, విద్యార్థులచేత ముఖపత్రములను వ్రాయించి, యంత్రముచేత వర్ణనములను గూర్పించి, తాను మాతృకతో సరిచూచి పంపినచో, ఒక సంవత్సరములో నా గ్రామసాహిత్యము లోకమునకు దెలియును. విద్యార్థులకు పాఠపరిష్కరణపు తొలిపాఠమును లభించును. ఆశ్వాసాంతగద్యను వ్రాసిన కవి తన పేరు తానే చెప్పికొనెను. ఎవరో చెప్పుదురని విడువలేదు. వ్రాయుచేయి యంత్రమునిదైనను, చూచు కన్ను చదివినవానిదే కావలయును.