దొర్లే చక్రం నేలను రాచుకుంటుందా?

సైకిలు నీటి మడుగులోంచి పొడి సిమెంటు రోడ్డు మీదికి ఎక్కినప్పుడు వెనుక పడే గుర్తులను గమనించారా? టైరు మీది గాళ్ళూ గీతలూ అచ్చు గుద్దినట్టు నేలమీద వరసగా కనిపిస్తాయి. ఇప్పుడు సైకిలు దిగి, వెనుక బ్రేకు బిగించి, తడి టైరును అలాగే ముందుకు ఈడ్చి చూడండి. అచ్చులు ఉండవు. పొడుగాటి చార ఒకటే మిగులుతుంది.

ఈ తేడా ఎందుకు వచ్చింది? రబ్బరు స్టాంపు కాగితం మీద జరిగితే ముద్ర అలుక్కుపోతుంది కదా! టైరు ముద్ర అలుక్కుపోలేదంటే, నేలను తాకిన క్షణంలో ఆ భాగం జరగలేదన్నమాట. సైకిలు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతున్నా, నేలను తాకే బిందువు ఆ క్షణంలో నిశ్చలంగానే ఉంటుంది. అదే సమయంలో చక్రం పై అంచు 30 కిలోమీటర్ల వేగంతో ముందుకు పోతూ ఉంటుంది!

మరి రాపిడి ఏమైంది? అది ఇరుసు దగ్గరికి చేరింది. ఒక ఎడ్లబండి చక్రం వ్యాసం 150 సెంటీమీటర్లు, ఇరుసు వ్యాసం 5 సెంటీమీటర్లు అనుకుందాం. చక్రం ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 470 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. ఆలోగా ఇరుసు దగ్గర రాపిడి జరిగే దూరం దాదాపు 16 సెంటీమీటర్లే! చక్రాలు లేకుండా ఈడిస్తే ఆ 470 సెంటీమీటర్లూ నేలను రాచుకోవలసిందే. పైగా దారి పొడుగునా కందెన పూయలేము, ఇరుసుకు పూయగలం.

ఆ కాస్త రాపిడినీ తగ్గించే ఉపాయం ఉంది. బండి ఇరుసుకు గుండ్లు అమర్చే పద్ధతికి 1794లో బ్రిటన్‌లో ఫిలిప్ వాన్ పేటెంటు పొందాడు. గుండ్లు ఉంటే ఇరుసు దగ్గర కూడా జారడానికి బదులు దొర్లడమే జరుగుతుంది. మీ సైకిలు చక్రాలలో ఉన్న బాల్ బేరింగులు చేసే పని ఇదే.

అయినా నెట్టి వదిలిన చక్రం కొంతదూరం పోయి ఆగుతుంది. గాలి అడ్డుకోవడం ఒక కారణం. మరొకటి, బరువుకు టైరు అడుగున నొక్కుకుపోయి, నేలను వదలగానే మళ్ళీ సర్దుకుంటుంది. నొక్కడానికి ఖర్చయిన శక్తి పూర్తిగా తిరిగిరాదు. కొంత వేడిగా మారుతుంది. గాలి తగ్గిన సైకిలును తొక్కడం కష్టమయ్యేది ఇందుకే. ఉక్కు పట్టాల మీద ఉక్కు చక్రం నొక్కుకుపోయేది చాలా తక్కువ. కాబట్టి అంతే బరువున్న మోటారు వాహనం కంటే రైలు పెట్టె ఎంతో తేలికగా దొర్లుతుంది.

అలాగని ఘర్షణను శత్రువనుకోకండి. బురదలో దిగబడ్డ లారీ చక్రం గిరగిరా తిరుగుతుంది, లారీ మాత్రం కదలదు. నేల పట్టు దొరకకపోవడమే కారణం. ఆగడానికీ ఆ పట్టే కావాలి. బ్రేకు చక్రాన్ని పట్టుకుంటుంది. బండిని ఆపేది నేల.

ఇక్కడే ప్రమాదం పొంచి ఉంది. మామూలు రోడ్డు మీద దొర్లే చక్రానికి దొరికే పట్టు, జారే చక్రానికి దొరికేదానికంటే ఎక్కువ. బ్రేకును ఒక్కసారిగా బిగిస్తే చక్రం తిరగడం మాని జారుతుంది. ముందు చక్రం జారితే హ్యాండిలు తిప్పినా సైకిలు తిరగదు! మోటారు వాహనాలలో దీన్ని నివారించేదే ఏబీఎస్. చక్రం ఆగిపోబోతుంటే అది పసిగట్టి, సెకనుకు అనేకసార్లు బ్రేకును సడలించి మళ్ళీ బిగిస్తుంది. మన దేశంలో 125 సి.సి.కి పైబడిన కొత్త మోటారు సైకిళ్ళన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి అయింది.

మీ సైకిలుకు మాత్రం ఆ పని మీ వేళ్ళే చెయ్యాలి. తడి రోడ్డు మీద ముందుగానే వేగం తగ్గించండి. రెండు బ్రేకులనూ మెల్లమెల్లగా నొక్కండి. చక్రం జారుతున్నట్టు అనిపిస్తే వెంటనే పట్టు కాస్త సడలించండి.