సగటు లెక్కలో మాయమయ్యే క్వారీ మోత

ఊరి పక్క గుట్టకు కంకర క్వారీ వస్తోందంటే జనం మొదట దుమ్ము గురించి అడుగుతారు, ఆ తర్వాత బోర్లు ఎండిపోతాయేమోనని అడుగుతారు. మోత మాత్రం పర్యావరణ నివేదికలో ఒక పట్టికకే పరిమితమవుతుంది. శబ్దం పరిమితి దాటదన్న ఒక్క వాక్యంతో ఆ అధ్యాయం ముగుస్తుంది. ఆ వాక్యాన్ని నమ్మవచ్చో లేదో తేల్చుకోవడానికి నిపుణులే కానక్కర్లేదు. నాలుగైదు అంకెలు తెలిస్తే చాలు.

పరిమితి ఎవరికి?

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. పారిశ్రామిక ప్రాంతంలో ఈ పరిమితి 75, 70. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల వరకు 50, 40. నివేదిక చదివేటప్పుడు మొదట చూడాల్సింది ఇక్కడే. క్వారీ హద్దు దగ్గర లెక్కగట్టిన శబ్దాన్ని 75తో పోల్చి సరిపోయిందంటే ఊరికి ఒరిగేదేమీ లేదు. ఇంటి గుమ్మం దగ్గర ఎంత ఉంటుందో చెప్పాలి, దాన్ని 55తో పోల్చాలి.

డెసిబెల్స్‌ను మామూలు అంకెల్లా కూడలేం. 60 డెసిబెల్స్ మోత చేసే యంత్రాలు రెండు కలిస్తే 120 కాదు, 63 అవుతుంది. 3 పెరిగితే శబ్ద శక్తి రెట్టింపైనట్టు. 10 పెరిగితే శక్తి పదింతలవుతుంది, చెవికి మోత దాదాపు రెండింతలైనట్టు తోస్తుంది. అందుకే పట్టికలో 5, 6 డెసిబెల్స్ తేడా కనిపిస్తే చిన్నదని వదిలేయకూడదు.

దూరం ఎంత తగ్గిస్తుంది?

ఒకచోట నిలిచి పనిచేసే యంత్రం నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. దూరం పదింతలైతే 20 తగ్గుతుంది. ఒక డ్రిల్లింగ్ యంత్రం 10 మీటర్ల దగ్గర 90 డెసిబెల్స్ మోత చేస్తుందనుకుందాం. మధ్యలో అడ్డేమీ లేకపోతే 100 మీటర్ల దగ్గర 70, 200 మీటర్ల దగ్గర 64, 500 మీటర్ల దగ్గర 56 ఉంటుంది.

ఇప్పుడు నిబంధన చూడండి. కేరళలో ఇళ్లకూ క్వారీకీ మధ్య 50 మీటర్లు ఉంటే చాలన్న నిబంధనపై వచ్చిన ఫిర్యాదును జాతీయ హరిత ట్రిబ్యునల్ విచారించినప్పుడు, 2020 జులైలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కనీస దూరాలు సూచించింది. పేలుళ్లు లేకపోతే 100 మీటర్లు, ఉంటే 200 మీటర్లు. మన లెక్కలోని యంత్రం 200 మీటర్ల దగ్గర కూడా 55 కంటే 9 డెసిబెల్స్ ఎక్కువే. యంత్రం కనిపించకుండా ఎత్తైన మట్టికట్ట వేసి 10 డెసిబెల్స్ తగ్గించగలిగితేనే అది 54కు దిగుతుంది. అంటే కనీస దూరం పాటించినంత మాత్రాన మోత తగ్గినట్టు కాదు. కట్ట ఎక్కడ, ఎంత ఎత్తున, ఎప్పటిలోగా వేస్తారన్నదే అసలు ప్రశ్న.

సగటు చేసే మాయ

నియమాల్లోని 55 ఆ క్షణంలో వినిపించే శబ్దం కాదు, పగటి సగటు. పగలంటే 16 గంటలు. రోజూ ఉదయం ఒక గంట డ్రిల్లింగ్ వల్ల ఓ ఇంటి దగ్గర 65 డెసిబెల్స్ ఉండి, మిగతా 15 గంటలూ 45 ఉందనుకుందాం. సగటు కడితే వచ్చేది 53.6. కాగితం మీద అంతా నిబంధన ప్రకారమే! కానీ ఆ గంటసేపు ఉయ్యాల్లో బిడ్డ నిద్రపోదు, పక్క గదిలో చదువుకునే పిల్లకు పాఠం ఎక్కదు. వాళ్లు వినేది సగటును కాదు, ఆ గంటను.

ఇంగ్లండ్‌లో ఖనిజ తవ్వకాల మార్గదర్శకాలు వేరే దారి పట్టాయి. అక్కడ ఒక్కో గంటకు విడిగా లెక్క కడతారు. ముందు ఆ ఇంటి దగ్గర ఇప్పుడున్న నేపథ్య శబ్దం కొలుస్తారు. పగటి పని వేళల్లో క్వారీ శబ్దం దానికంటే 10 డెసిబెల్స్ మించకుండా చూడాలి. అది సాధ్యం కాని చోట వీలైనంత దగ్గరగా ఉండాలి, మొత్తం ఎట్టి పరిస్థితుల్లోనూ 55 దాటకూడదు. రాత్రయితే 42. పైమట్టి తొలగించడం, కట్టలు వేయడం లాంటి పనులకు మాత్రం ఏడాదిలో 8 వారాల వరకు 70 దాకా వెసులుబాటు ఉంది.

నేపథ్యం 40 ఉండే ప్రశాంతమైన పల్లెలో ఈ పద్ధతిలో లక్ష్యం 50 అవుతుంది. మన లెక్కలో కట్ట వేశాక వచ్చిన 54 కూడా అక్కడ ఎక్కువే. మన పద్ధతిలో హైవే పక్క కాలనీకీ, ఈ పల్లెకూ ఒకటే 55. నిశ్శబ్దంగా ఉన్న ఊరే ఎక్కువ నష్టపోతుంది.

పేలుడు, టిప్పర్లు

బ్లాస్టింగ్ లెక్క మరోటి. పేలుడు క్షణంలో ముగుస్తుంది కాబట్టి పగటి సగటును దాదాపు కదిలించదు. పైగా అందులో చెవికి అందని అతి తక్కువ పౌనఃపున్యపు ఒత్తిడి ఉంటుంది. గూట్లో స్టీలు గిన్నెలు గలగలలాడేది, కిటికీ రెక్కలు అదిరేది దానివల్లే. డెసిబెల్స్ సాధారణ కొలత దాన్ని పట్టుకోదు. నేల కంపనాన్ని విడిగా కొలవాలి. గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1997 సర్క్యులర్ ప్రకారం గని యజమానికి చెందని ఇళ్ల దగ్గర, కంపనం 8 హెర్ట్జ్ లోపు ఉంటే సెకనుకు 5 మిల్లీమీటర్లు మించకూడదు.

ఇక రవాణా. ఏడాదికి 4.8 లక్షల టన్నులు, 300 పనిదినాలు అనుకుంటే రోజుకు 1,600 టన్నులు. 20 టన్నుల టిప్పర్లకు అది 80 లోడ్లు. ఖాళీగా వచ్చేవీ కలిపితే 160 రాకపోకలు. 10 గంటల పనిలో దాదాపు ప్రతి 4 నిమిషాలకూ ఒక టిప్పర్ ఊరి మధ్య నుంచి పోతుంది. లీజు హద్దుకు బయట జరిగేది కాబట్టి దీన్ని రోడ్డు సామర్థ్యం లెక్కలో వేసి, రోడ్డు పక్క ఇళ్ల లెక్కలోంచి తప్పించడం తగదు.

ఏం అడగాలి?

ప్రజాభిప్రాయ సేకరణ జరిగే చోట కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి. దాన్ని చేతిలో పెట్టుకుని నాలుగు అడగండి. అన్నిటికంటే దగ్గరి ఇంటి దగ్గర శబ్దం కొలిచారా? చాలా నివేదికలు 10 కిలోమీటర్ల పరిధిలో కొలతలు చూపుతాయి, 8 కిలోమీటర్ల అవతలి ఊరి అంకె ఈ ఇంటికి పనికిరాదు. అన్ని యంత్రాలూ ఒకేసారి నడిచే గంటలో అక్కడ ఎంత ఉంటుంది? ఇప్పటికంటే ఎంత పెరుగుతుంది? 500 మీటర్ల లోపున్న పక్క క్వారీలను కూడా కలిపి లెక్కగట్టారా?

సభ చివర కార్యక్రమ వివరాలను తెలుగులో చదివి వినిపించాలి. మీ ప్రశ్న అందులో ఉందో లేదో అక్కడే చూసుకోండి. ఫలానా ఇంటి దగ్గర, ఫలానా గంటలో, ఇన్ని డెసిబెల్స్ అని అనుమతి పత్రంలో షరతుగా రాయించగలిగితే అది ఊరికి దక్కే గట్టి ఆధారం. షరతుల అమలుపై ప్రతి జూన్ 1న, డిసెంబర్ 1న క్వారీ యాజమాన్యం నివేదిక ఇవ్వాలి, అది ఎవరైనా చూడదగిన పత్రం. షరతులో అంకె ఉంటేనే ఆ నివేదికను నిలదీయగలం.