పాత తొట్టిలో మళ్లీ రంగుచేపలా? తొందర వద్దు!

మీ పెరట్లో ఒకప్పుడు రంగుచేపలు పెంచిన సిమెంటు తొట్టి ఉందా? నాలుగైదేళ్లుగా చెత్తాచెదారంతో నిండి పడి ఉందా? మళ్లీ మొదలుపెట్టాలనుకుంటే మంచిదే. అయితే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఇవాళ తొట్టి కడిగి, రేపు నీళ్లు నింపి, ఎల్లుండి వంద చేపలు తెచ్చి వదులుతారు. వారం తిరక్కుండానే అవి తేలిపోతాయి. "నీళ్లు అద్దంలా ఉన్నాయి కదా, ఎందుకు చచ్చాయి?" అని తల పట్టుకుంటారు. నీరు తేటగా ఉన్నంత మాత్రాన చేపకు పనికొచ్చినట్టు కాదు.

తొట్టి సిద్ధం చేయడం

తొట్టిని కొబ్బరి పీచుతో రుద్ది కడగండి. సబ్బు వాడొద్దు. బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లతో మరోసారి కడిగి, వాసన పోయేదాకా ఎండనివ్వండి. పగుళ్లకు కొత్తగా సిమెంటు పూస్తే అందులోని సున్నం నీటిలో దిగుతుంది. అందుకే నీళ్లు నింపి, అరటి బొందె ముక్కలు వేసి, నాలుగైదు రోజులకొకసారి పారబోయండి. ఇలా మూడు నాలుగు సార్లు చేయాలి. నీటి ఉదజని సూచిక 7 నుంచి 8 మధ్య ఉంటే గప్పీ, మోలీ చేపలకు సరిపోతుంది. బోరు నీళ్లయితే ఎత్తునుంచి ధారగా పడేలా నింపి, ఒకరోజు నిలవనివ్వండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి వాటినీ నిలవబెట్టాలి.

పురుగుమందు కలిపిన బకెట్లు, డ్రమ్ములు ఈ తొట్టి దరిదాపుల్లోకి రానివ్వకండి. పైరుకు కొట్టే సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు రవ్వంత పడినా చేపలు బతకవు. మందు కొట్టే రోజు తొట్టి మీద పట్టా కప్పండి.

అసలు కిటుకు ఇదే

చేపల విసర్జనల నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఇది విషం. నీటిలోని మేలుచేసే బాక్టీరియా దీన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. కొత్తగా నింపిన తొట్టిలో ఈ బాక్టీరియా దాదాపు ఉండదు. రాళ్లమీద, గోడలమీద అది నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాలు తోడుకోవాలంటే చేమిరి వేసినట్టే, చేపలు ఆరోగ్యంగా ఉన్న తొట్టినుంచి గుప్పెడు గులకరాళ్లు తడిగా తెచ్చి వేస్తే పని త్వరపడుతుంది.

10 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పున్న తొట్టిలో అడుగున్నర నీరు పెడితే సుమారు 2,100 లీటర్లు పడతాయి. మొదట 20 గప్పీలు చాలు: 5 మగవి, 15 ఆడవి. చేపల సంచిని పావుగంట నీటిపై తేలనిచ్చి, తొట్టి నీళ్లు కొద్దికొద్దిగా కలుపుతూ వదలండి. తవుడు, వేరుశనగ చెక్క పొడి సమంగా కలిపి, ఐదు నిమిషాల్లో తినేంతే వేయండి. వారానికొకసారి పావు వంతు నీరు మార్చండి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే ప్రమాదమని గుర్తు. వెంటనే మేత ఆపి, పావు వంతు నీరు మార్చండి.

పిల్లల రక్షణ

గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. సుమారు నాలుగు వారాలకొక కాన్పు. తల్లే పిల్లల్ని తినేస్తుంది కాబట్టి దాక్కోవడానికి హైడ్రిల్లా నాచు వేయండి. తొట్టిపై కొంత భాగానికి తాటాకు నీడ, మొత్తానికి వల ఉండాలి. లేకపోతే లకుముకి పిట్టలు, కప్పలు, నీటిపాములు మీకంటే ముందే పంట కోసుకుంటాయి. చలికాలం రాత్రిళ్లు పాలిథిన్ కప్పండి. 24 నుంచి 28 డిగ్రీల వేడి వీటికి అనుకూలం.

మిగిలిన చేపల్ని చెరువులోనో కాలువలోనో వదలొద్దు. బయటి జాతులు మన స్థానిక చేపలకు చేటు తెస్తాయి.

ఇంకొక్క మాట. చేపలు కొనేముందే దగ్గరి పట్నంలోని అక్వేరియం దుకాణాలకు వెళ్లి ఏ రంగులు అడుగుతున్నారో, ఎంతకు కొంటారో తెలుసుకోండి. మత్స్యశాఖ కార్యాలయంలో రాయితీల సంగతి అడగండి. అప్పు తెచ్చి పది తొట్లు కట్టకండి. ముందు ఈ ఒక్క తొట్టిలో పిల్లలు ఎదిగి అమ్ముడుపోనివ్వండి. రెండో తొట్టి సంగతి అప్పుడు చూసుకోవచ్చు.