బోడికొండ మళ్ళీ అడవి అయ్యేదెలా?

మీరెప్పుడైనా మా కమలాపురం నుంచి కడప మీదుగా రాయచోటికి బస్సులో వెళ్ళారా? వెళితే గువ్వలచెరువు ఘాటు ఎక్కేటప్పుడు పాలకొండలను శ్రద్ధగా చూడండి. పచ్చదనం అంతటా ఒకేలా ఉండదు. వంకల వెంట చిక్కగా, వాలు మీద మచ్చలు మచ్చలుగా, శిఖరాల దగ్గర పలచగా కనిపిస్తుంది. ఇలా ఎందుకుంటుంది?

మొదటి కారణం నీరు. కడప ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సుమారు 700 మిల్లీమీటర్లే. ఆ వాన వాలు మీది మట్టిని కడిగి వంకల్లోకి చేరుస్తుంది. మట్టీ, తేమా ఉన్నచోటే చెట్టు ముందుగా కోలుకుంటుంది. రాతి శిఖరం వంతు చివర వస్తుంది.

రెండవది ఎండ. మనం భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు పద్నాలుగున్నర డిగ్రీల దూరంలో ఉన్నాం. ఆగస్టు నడుమ నుంచి ఏప్రిల్ చివరిదాకా మధ్యాహ్న సూర్యుడు మనకు దక్షిణం వైపునే ఉంటాడు. అందుచేత దక్షిణపు వాలు త్వరగా ఎండిపోతుంది. ఈశాన్య ఋతుపవనాల తడి ఉత్తరపు వాలులో మరికొన్నాళ్ళు నిలుస్తుంది. లేతమొక్కకు ఆ కొన్నాళ్ళే ప్రాణం.

మూడవది విత్తనం. మన కొండలకే ప్రత్యేకమైన ఎర్రచందనం కాయకు చుట్టూ రెక్క ఉంటుంది. గాలి దాన్ని మోసుకుపోతుంది గాని, ఎంతో దూరం కాదు. రేగు, నేరేడు గింజలను పక్షులు తెస్తాయి. అయితే వాలడానికి కొమ్మ లేనిచోట పక్షి ఎందుకు ఆగుతుంది? ఒక్క చెట్టు నిలిస్తే దాని కింద పది మొక్కలు లేస్తాయి. మచ్చ అలా పెరుగుతుంది.

"కొండ పచ్చబడాలంటే ఏం చేయాలి?" అని తరగతిలో అడిగితే, "మొక్కలు నాటాలి సార్!" అంటారు మా పిల్లలు. మంచిదే. కానీ నరికిన ఎర్రచందనం మోడు తానే పిలకలు వేస్తుంది. వేళ్ళు అప్పటికే లోతున ఉన్నాయి కదా! గొడ్డలినీ, మేకలనూ, నిప్పునూ కొన్నేళ్ళు దూరంగా ఉంచితే అలాంటిచోట అడవి తానే లేస్తుంది.

వీటిలో నిప్పు మహా చెడ్డది. లేతమొక్క కాలిపోతుంది, గడ్డి మాత్రం వానలకు మళ్ళీ మొలిచి, వేసవికి ఎండి, మరో మంటకు సిద్ధమవుతుంది. 2014 మార్చిలో తిరుమల కొండల్లో చెలరేగిన మంటలను ఆర్పడానికి వైమానికదళ హెలికాప్టర్లు రావలసి వచ్చింది. ఒక్క అగ్గిపుల్ల ఎన్నో ఏళ్ళ పెరుగుదలను మింగేయగలదు.

అలాగని ప్రతి చోటా చిక్కని అడవే ఉండాలనుకోకండి. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్ళీ కనిపించింది మన లంకమల కొండల దిగువన, పలచని పొదల మధ్యనే! ఆ పొదలే దాని ఇల్లు.

చివరగా ఒక చిన్న ప్రయోగం. డిసెంబరులో తూర్పు పడమరలుగా ఉన్న బడిగోడకు ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి, సమానమైన రెండు తడిగుడ్డలు ఆరవేయండి. ఏది ముందు ఆరిందో గడియారం చూసి రాసుకోండి. కొండ మీది మచ్చల్లో ఒకదాని రహస్యం మీ బడిగోడే చెబుతుంది.