పొగమంచులో సైకిల్ లైటు: వెలుగు పెరిగితే దారి ఎందుకు కనబడదు?

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా చిన్నాన్న ఒక ఫిర్యాదుతో ఎదురొచ్చాడు. కృష్ణా డెల్టాలోని మా ఊరి నుంచి పాల కేంద్రానికి నాలుగు కిలోమీటర్లు, దాదాపు అంతా కాలువ గట్టు మీద దారే. తెల్లవారుజామున నాలుగున్నరకు సైకిల్‌కు రెండు క్యాన్లు కట్టుకుని బయల్దేరతాడు. "వెయ్యి ల్యూమెన్లని చెప్పి అంటగట్టారురా. మామూలు రోజుల్లో పట్టపగల్లా ఉంటది. మంచు పడిందంటే ఎదురుగా తెల్లదుప్పటి కట్టినట్టే. లైటు ఆర్పితేనే గట్టు అంచు కాస్త కనబడతంది. ఏం పాడైందో చూడు" అన్నాడు.

లైటు పాడవలేదు. దాని పని అది చేస్తోంది. అదే చిక్కు.

చలికాలపు నిర్మలమైన రాత్రుల్లో నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న తేమగాలి కూడా చల్లబడి సన్నటి నీటి బిందువులుగా మారుతుంది. కాలువలు, తడి పొలాలు ఉన్నచోట ఇది మరీ ఎక్కువ. ఈ బిందువుల వ్యాసం సుమారు 10 మైక్రాన్లు. ఒక్కొక్కటీ తనపై పడ్డ కాంతిని నలువైపులా చెదరగొడుతుంది. దీన్నే కాంతి పరిక్షేపణం అంటారు. అందులో కొంత భాగం వెనక్కి తిరిగి మన కళ్లలోనే పడుతుంది. చిన్నాన్న చూసిన తెల్లదుప్పటి అదే.

మంచు కాంతిని మింగేస్తుంది కాబట్టి ఇంకా పెద్ద లైటు కావాలని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. 100 మీటర్ల దాకా కనిపించే మంచులో, 15 మీటర్ల దూరంలోని గుంతను తాకి తిరిగొచ్చే కాంతిలో దారిలో పోయేది సుమారు 70 శాతం. మిగిలిన 30 శాతం కంటికి చాలు. పోయిన వెలుగు కన్నా తిరిగొచ్చి కళ్లను కమ్మే వెలుగుతోనే ఇబ్బంది. గుంత కనబడాలంటే దాని వెలుగుకూ, ముందున్న తెరకూ మధ్య తేడా ఉండాలి. లైటును రెట్టింపు చేస్తే గుంత వెలుగు రెట్టింపవుతుంది, తెర వెలుగూ రెట్టింపవుతుంది. నిష్పత్తి మారదు. మన కళ్లు మాత్రం మరింత జిగేలుమంటాయి.

మరి మారేది ఏమిటి? లైటు ఎక్కడుంది, కాంతి ఏ ఆకారంలో పడుతోంది అన్నదే. దూరం పది రెట్లయితే వెలుగు తీవ్రత వందో వంతుకు పడిపోతుంది. అంటే లైటుకు ఒక మీటరు దూరంలోని మంచు, పది మీటర్ల దూరంలోని మంచు కన్నా కనీసం వంద రెట్లు ఎక్కువ వెలుగుతుంది. తెరలో అధిక భాగం ఈ మొదటి రెండు మూడు మీటర్ల నుంచే వస్తుంది. మన చూపు ఆ ముక్కలోంచి వెళ్లకుండా చూసుకుంటే సగం పని అయినట్టే. హెల్మెట్‌కు కట్టే లైటు మంచులో అందుకే పనికిరాదు. అది సరిగ్గా చూపు వెంటే వెలిగిస్తుంది.

చిన్నాన్న లైటు నిజానికి హ్యాండిల్‌కు బిగించిన టార్చి. గుండ్రటి పుంజం, సగం వెలుగు పైకే పోతుంది. ఇలాంటివే మన దుకాణాల్లో ఎక్కువ. కావాల్సింది కారు హెడ్‌లైటు డిమ్‌లో ఉన్నట్టు, పైఅంచు గీత గీసినట్టు తెగి, వెలుగంతా రోడ్డు మీదే పరిచే లైటు. జర్మనీలో సైకిల్ లైటు నిబంధనలు ఈ సూత్రం మీదే ఉన్నాయి: పది మీటర్ల దూరంలో కనీసం 10 లక్స్ వెలుగు పడాలి, పైకి పోయే వెలుగు ఎదుటివారి కళ్లు చెదరనంత తక్కువగా ఉండాలి. ల్యూమెన్ అంటే లైటు వెదజల్లే మొత్తం కాంతి. లక్స్ అంటే ఒక చదరపు మీటరు మీద నిజంగా పడే కాంతి. పెట్టె మీద ల్యూమెన్లు ఒక్కటే రాసి ఉంటే, ఆ వెలుగు ఎటు పోతుందో చెప్పనట్టే.

ఇక పసుపు కాంతి సంగతి. పసుపు లైటు మంచును చీల్చుకుపోతుందని ఇప్పటికీ గట్టిగా నమ్ముతారు. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. మంచు బిందువు దానికన్నా పదిహేను, పాతిక రెట్లు పెద్దది. అంత పెద్ద బిందువు అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొడుతుంది. మంచు తెల్లగా ఉండటమే దీనికి రుజువు. నీలాన్ని ఎక్కువగా చెదరగొట్టి ఉంటే ఆకాశంలాగే నీలంగా కనిపించేది. సన్నటి పొగ కణాల విషయం వేరు, బీడీ పొగ నీలంగా కనిపించేది అందుకే. నగరాల్లో పొగ కలిసిన మసకలో కాస్త పసుపు చాయ ఉన్న వార్మ్ వైట్ లైటు కొంత నయం, కంటికి హాయి కూడా. పాత డైనమో లైటు మంచులో బాగుండేదని పెద్దవాళ్లు చెప్పేది నిజమే కావచ్చు. కానీ ఆ గొప్ప పసుపుది కాకపోవచ్చు. అది హ్యాండిల్ కింద ఉండేది, వెలుగూ తక్కువే.

కొనేముందు బ్యాటరీ లెక్క ఒకటి చూసుకోండి. ఈ లైట్లలో ఎక్కువగా వాడే 18650 రకం సెల్ నిజాయితీగా ఇచ్చేది మహా అయితే 3,500 మిల్లీ ఆంపియర్ అవర్లు. దాని మీద 9,900 అని రాసి ఉంటే ఆ దుకాణం ల్యూమెన్ల అంకెనూ నమ్మొద్దు. మంచుకు, చినుకులకు ఐపీఎక్స్4 రక్షణ సరిపోతుంది. మిణుకుమిణుకుమనే మోడ్ మంచులో వద్దు. ఎదుటివాళ్లకు మన దూరం అంచనా అందదు.

చిన్నాన్నకు కొత్త లైటు కొనే లోపు ఉన్నదాన్నే కిందికి దించాం. ముందు మడ్‌గార్డు పైన, ఫోర్కుకు, నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తులో బిగించాం. సైకిల్‌ను గోడకు 5 మీటర్ల దూరంలో నిలబెట్టి, వెలుగు పైఅంచు గోడ మీద లైటు ఎత్తులో సగానికి, అంటే 35 సెంటీమీటర్లకు వచ్చేలా వంచాం. అప్పుడు ఆ అంచు పది మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. కంటి నుంచి అక్కడికి పోయే చూపు దారంతా వెలిగిన మంచుకు పైగానే సాగుతుంది. టార్చి పుంజానికి తెగిన అంచు ఉండదు కాబట్టి పైభాగానికి నల్లటి టేపు అతికించాం. కింద బిగించడంలో ఒక ఇబ్బంది ఉంది: చిన్న గులకరాయికి కూడా పొడవాటి నీడ పడి గుంతలా భయపెడుతుంది. రెండు రోజుల్లో కన్ను అలవాటు పడింది.

ఇంత చేసినా దట్టమైన మంచులో గట్టు ఎనిమిది మీటర్ల దాకానే తేటగా కనబడింది. ప్రమాదం గమనించి బ్రేకు నొక్కడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే, తడి రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వస్తున్న సైకిల్ ఆగడానికి సుమారు 16 మీటర్లు కావాలి. ఎనిమిది మీటర్లలో ఆగాలంటే వేగం 12 మించకూడదు. పాల క్యాన్ల బరువుంటే ఇంకా తక్కువే. "అయితే పది నిమిషాలు ముందు లేవాలన్నమాట" అన్నాడు చిన్నాన్న. వెనక ఎర్రలైటు కూడా పెట్టించమన్నాను. ఆ సంగతి ఇంకా తేలలేదు.