36 నిమిషాల్లో వైజాగ్?

మొన్న డిసెంబర్‌లో అమ్మ ఫోన్ చేసింది. "తాతయ్యని హాస్పిటల్‌లో చేర్చారు, వెంటనే బయలుదేరు." రైలైతే పన్నెండు గంటలు. ఫ్లైట్ చూద్దామని లెక్క వేశాను. హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి గాల్లో దూరం సుమారు 510 కిలోమీటర్లు, విమానం వేగం గంటకు 850. అంటే 36 నిమిషాలే! కానీ టికెట్ మీద గంటా పదిహేను అని ఉంది. మిగతా 39 నిమిషాలు ఎక్కడికి పోయాయి?

ఆ 510 అనేది భూగోళం మీద రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారి. అక్షాంశ రేఖాంశాలు ఇస్తే హావర్‌సైన్ సూత్రంతో నాలుగు లైన్ల కోడ్‌లో వచ్చేస్తుంది. రోడ్డు మీదైతే 600 దాటుతుంది. అయితే విమానం కూడా గీత గీసినట్టు వెళ్లదు. నిర్ణయించిన దారుల్లో వెళ్లి, రన్‌వే ఏ దిక్కుకు ఉంటే అటు తిరిగి దిగాలి.

పైగా 850 అనేది బాగా పైకి వెళ్లాక వచ్చే వేగం. 10,000 అడుగుల లోపు మామూలుగా 250 నాట్లు, అంటే దాదాపు 460 కిలోమీటర్ల వేగం దాటకూడదు. దూరం తక్కువ కాబట్టి ఎక్కడానికీ దిగడానికీ చాలా టైమ్ పోతుంది. టికెట్ టైమ్‌లో నేల మీద మెల్లగా కదిలేదీ, రన్‌వే కోసం ఆగేదీ కూడా కలిసే ఉంటాయి.

నా ప్రయాణం హాస్టల్ గేటు నుంచి హాస్పిటల్ గేటు దాకా ఐదు ముప్పావు గంటలు పట్టింది. 510ని దాంతో భాగిస్తే గంటకు 89 కిలోమీటర్లు!

తాతయ్యకి ఈ లెక్కంతా చెప్పాను. ఆయన నవ్వి, "వచ్చావుగా, చాలు" అన్నారు.